మల్లయ్య షిఫ్టులో నలభై ఒకటి

మా పని ఏమిటంటే

ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అంటే గడియారాలు బాగుచేసేవాడా అని పెళ్లిచూపుల్లో మా మావగారు అడిగారు. కాదండీ అని మొదలుపెట్టి పావుగంట చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "అయితే గడియారాల్లాంటివే అన్నమాట" అన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఎవరికీ అంతకంటే బాగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు రికార్డరు ముందు నిలబడి నాలుగు మీటలు నొక్కి అలారం పెడతారు, ఆ అలారానికి కౌంటరు తగిలిస్తారు, చేతులు దులుపుకుంటారు. మంచిదే. మాకు అదే పనికి స్క్రూడ్రైవరు, టంకం కడ్డీ, ఓ పూట సమయం పట్టేవి. తప్పు చేయడానికి మాత్రం అప్పుడైనా ఇప్పుడైనా నిమిషం చాలు. నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ రాస్తాను. ప్రమోషన్ల గురించి రాయను. ఆ కాగితాలన్నీ మా ఆవిడ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి, వాటివల్ల నేను నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు.

నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి, లాల్‌దర్వాజాలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, కిషన్‌బాగ్ అవతల ఉన్న ఓ ప్రైవేటు పాల ఫ్యాక్టరీలో చేరాను. డెబ్భైల మధ్య కాలం. రోజూ సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. అక్కడ పచ్చిపాలను వేడినీళ్లతో కాచే యంత్రం ఉండేది. ఆ నీళ్లను బాయిలర్ ఆవిరి వేడిచేసేది. పాలు తగినంత వేడెక్కితే సీసాల వైపు పోయేవి. ఎక్కకపోతే ఓ వాల్వు వాటిని వెనక్కి తిప్పి మళ్లీ తొట్టిలో పోసేది. అట్లా వెనక్కి తిరిగినంతసేపూ సీసాలు ఖాళీగా నిలబడేవి, ఊళ్లో జనం పాల బూత్‌ల ముందు నిలబడేవారు.

ఆ వేడిని ఒక రికార్డరు రోజంతా గీసేది. గోడకు బిగించిన ఇనుప పెట్టె, లోపల గుండ్రని కాగితం, దాని మీద ఊదారంగు సిరా పెన్ను. కాగితం రోజుకో చుట్టు తిరిగేది. రోజూ పొద్దున్నే కాగితం మార్చి, సిరా పోసి, దాని గడియారానికి కీ ఇవ్వడం నా పని. చూశారా, మా మావగారు చెప్పింది మరీ తప్పేమీ కాదు.

నేను చూసిన అతి చక్కని గీత

చేరిన కొత్తలో ఒకసారి రెండు రోజులు వరసగా కాగితం మీద అద్భుతమైన గీత వచ్చింది. ఎగుడు లేదు, దిగుడు లేదు. నేను ఏదో సరిచేశాను కదా, దాని ఫలితమే అనుకుని మురిసిపోయాను. ఆ కాగితం పట్టుకుని పనిగట్టుకుని ఎలక్ట్రికల్ షాపులో ఉమర్ భాయ్‌కి చూపించాను.

ఉమర్ భాయ్ ఇల్లు బార్కస్‌లో. ఫ్యాక్టరీలో మోటార్లన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, తెలుగూ ఉర్దూ కలిపి కొట్టేవాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మూర్తి సాబ్, మాషా అల్లా! గిది పాల గీతనా, రైలు పట్టానా?" అన్నాడు. తర్వాత లేచి నాతో వచ్చి రికార్డరు తలుపు తీసి వేలితో పెన్నును మెల్లిగా తట్టాడు. అది కదల్లేదు. ఇరుసులో సిరా గడ్డకట్టి పెన్ను రెండు రోజుల క్రితమే ఆగిపోయింది.

"దేఖో భాయ్, బతికున్న పని జర వణుకుతది. వణకలేదంటె చచ్చిపోయిందని సమజ్ కావాలె" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన మాత్రం ఎవరికీ చెప్పకుండా ఇరానీ చాయ్ తాగించి పంపాడు. మంచి గురువు. శిష్యుడిదే మందబుద్ధి. ఆ మాట నాకు నిజంగా పనికొచ్చే రోజు వచ్చినప్పుడు గుర్తే రాలేదు.

కౌంటరు ఎందుకు పెట్టామంటే

మూడో ఏట ఎండాకాలంలో పాలు బూత్‌లకు ఆలస్యంగా వెళ్లడం మొదలైంది. బాయిలర్ ఆవిరి తగ్గి పాలు మాటిమాటికీ వెనక్కి తిరుగుతున్నాయని అందరికీ తెలుసు. ఎవరి షిఫ్టులో ఎక్కువగా తగ్గుతోందన్నది తేలలేదు. బాయిలర్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్లు ఇద్దరు. పొద్దున షిఫ్టు మల్లయ్యది, సాయంత్రం షిఫ్టు సుబ్బారావుది.

మల్లయ్యది లాల్‌దర్వాజానే. తాతల నాటి నుంచి బర్రెలు పెంచి పాలమ్మిన ఇల్లు. నల్లగా, సన్నగా, మాట తక్కువ మనిషి. సుబ్బారావు మా జిల్లావాడు. ఊరి వంట మీద మనసు పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లి గోంగూర పచ్చడితో భోంచేసి వచ్చేవాణ్ణి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు ముందు ముందు తెలుస్తుంది.

మా సూపరింటెండెంటు గారికి మాటలంటే చిరాకు. ఎవరేం చెప్పబోయినా "కథలొద్దు, అంకె చెప్పు" అనేవారు. చెడ్డవారు కాదు. ఫ్యాక్టరీ సరుకు ఇంటికి ఒక్క సీసా కూడా తీసుకెళ్లని మనిషి. ఒకరోజు మీటింగులో, ఏ షిఫ్టులో ఎన్నిసార్లు వేడి తగ్గిందో లెక్క కావాలన్నారు. నేను లేచి, అలారానికి కౌంటరు తగిలిస్తానండీ అన్నాను. అది నా సొంత ఆలోచన. అందరి ముందూ "శభాష్" అన్నారు. ఆ శభాష్ నాకు చాలా రోజులు అరగలేదు.

పని చిన్నదే. రికార్డరులో ఓ ఎర్రముల్లు ఉండేది. పాలు వెనక్కి తిరిగే వేడికి ఒక డిగ్రీ పైన, హెచ్చరికగా, దాన్ని పెట్టాను. పెన్ను ఆ ముల్లు కిందికి దిగితే లోపల కాంటాక్టు కలిసి బాయిలర్ గదిలో ఎర్రదీపం వెలిగేది. అదే కాంటాక్టుకు జుమ్మేరాత్ బజారు పాతసామాన్లలో దొరికిన అయిదంకెల కౌంటరు కలిపాను. కాంటాక్టు కలిసినప్పుడల్లా టిక్కుమని ఒక అంకె ముందుకు జరుగుతుంది. ఎవరూ చెయ్యి పెట్టకుండా రేకు డబ్బాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

కాంటాక్టు పక్కన మరో చిన్న స్క్రూ ఉండేది. దాన్ని మేం గ్యాప్ స్క్రూ అనేవాళ్లం. ముల్లు దగ్గర కలిసిన కాంటాక్టు మళ్లీ ఎంత పైకి వెళ్తే విడిపోవాలో ఆ స్క్రూ చెబుతుంది. నేను దాన్ని పూర్తిగా బిగించి గ్యాప్ సున్నా చేశాను. వెంట్రుకవాసి తేడా కూడా తప్పించుకోకూడదని నా పట్టుదల. అంత కచ్చితంగా పెట్టానని గర్వంగా కూడా ఉండేది.

రెండు వారాలు లెక్క రాశాను. సుబ్బారావు షిఫ్టులో రోజుకు రెండు, మూడు, ఒకసారి అయిదు. మల్లయ్య షిఫ్టులో ఇరవై, ముప్ఫై, ఒకరోజు ఏకంగా నలభై ఒకటి.

సోమవారం మల్లయ్యకు నోటీసు ఇచ్చారు. పనిలో అశ్రద్ధ, వారంలోగా జవాబు చెప్పాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. పదిహేడేళ్ల సర్వీసు.

గోడ మీద గీతలు

మంగళవారం పొద్దున మల్లయ్య నా గదికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సారూ, ఒక్క మాట జెప్త. కోపం జేస్కోకు. నీ డబ్బల నలభై ఒకటి వడ్డనాడు నా లెక్కల నాలుగే ఉన్నయి."

"నీ లెక్కేమిటి మల్లయ్యా?"

"గోడ మీద గీసిన సారూ. వచ్చి సూడు."

వెళ్లి చూశాను. బాయిలర్ గది గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు. రోజుకో వరస. నిలువుగా నాలుగు గీతలు, అయిదోది అడ్డంగా. పాలు పోసేవాళ్లు ఇళ్ల గోడల మీద సున్నంతో గీస్తారే, అచ్చం అట్లాగే. చిన్నప్పుడు వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నాడట. నేను నవ్వాను. నవ్వానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. తాళం వేసిన యంత్రం చెప్పే లెక్క ఎక్కడ, బొగ్గుముక్క లెక్క ఎక్కడ అనుకున్నాను.

"నవ్వకు సారూ. దీపం ఎలిగి నిలవడితె ఒక గీత. మిణుకు మిణుకుమంటె గీత లేదు. నీకు దండం వెడ్త, ఒక్కసారి ఆ డబ్బ తెరిసి నా పక్కన నిలవడు."

సరే, నోరు మూయించినట్టు ఉంటుందని డబ్బా తెరిచాను. ఇద్దరం నిలబడ్డాం. పెన్ను ఎర్రముల్లు దగ్గరే ఉంది. పక్కన పాల పంపు కొట్టుకుంటున్నప్పుడల్లా గోడ అదురుతోంది, పెన్ను కూడా సన్నగా వణుకుతోంది. వణికినప్పుడల్లా కాంటాక్టు కలుస్తోంది, విడిపోతోంది. కౌంటరు టిక్కు, టిక్కు, టిక్కు. కాగితం మీద వేడి దిగిందీ లేదు, పెరిగిందీ లేదు. ఓ చాయ్ తాగేంత సేపట్లో పదిహేడు పడ్డాయి. ఆ పంపు చప్పుడులో, మూసిన డబ్బాలోని టిక్కులు ఎవరికి వినపడతాయి?

మల్లయ్య కౌంటరు వంక చూడలేదు, నా వంక చూశాడు.

"సారూ, గడప మీద ఒక్కడు నిలవడి కాలు లోపటికి ఒకపారి, బైటికి ఒకపారి వెడ్తుండు అనుకో. పది మంది సుట్టాలొచ్చిన్రని బియ్యం వోస్తరా?"

"చూద్దాం మల్లయ్యా" అన్నాను. ఆఫీసులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు, చూద్దాం అంటే ఏమిటో.

ఆ మధ్యాహ్నం పాత కాగితాలన్నీ బయటికి తీశాను. రెండు వారాల కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి. అంకెలు రాసుకోవడంలో పడి ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. మల్లయ్య షిఫ్టు గీత సన్నటి వణుకుతో ఒకే మట్టంలో సాగుతోంది. బొగ్గు వృథా కాకుండా, పాలు మాడకుండా, కావలసినంత వేడి మీదే అయిదారు గంటలు పట్టి ఉంచాడు. అందుకే పెన్ను ముల్లు పక్కనే ఉండి వణికింది. సుబ్బారావు ఒకేసారి బొగ్గు దట్టించి వేడి పైకెత్తేవాడు, తర్వాత బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. గీత కొండలా పైకెక్కి, తర్వాత ముల్లుకు రెండు మూడు డిగ్రీల కిందికి జారి అరగంట అక్కడే ఉండిపోయింది. ఆ అరగంటా పాలు వెనక్కి తిరుగుతూనే ఉన్నాయి. కౌంటరు దానికి వేసిన అంకె ఒకటి.

అంటే పాల ఆలస్యానికి కారణం సాయంత్రం షిఫ్టు. నా కౌంటరు మంచి పనివాడికి నలభై ఒకటి వేసింది, మా జిల్లావాడికి ఒకటి వేసింది.

నేను చేసిన అసలు తప్పు

గ్యాప్ స్క్రూ సున్నా చేయడం తప్పే. కానీ అది తెలియక చేసిన తప్పు. అసలు తప్పు ఆ మంగళవారం సాయంత్రం చేశాను. సూపరింటెండెంటు గారి గదికి వెళ్లకుండా, తిన్నగా రికార్డరు దగ్గరికి వెళ్లి స్క్రూను ఒకటిన్నర చుట్లు వదులు చేశాను. ఇక పెన్ను వణికినా కాంటాక్టు విడిపోదు, నిజంగా వేడి పెరిగితేనే విడిపోతుంది. డబ్బాకు తాళం వేసి ఇంటికి వెళ్లిపోయాను.

ఎందుకు చెప్పలేదు? అందరి ముందూ శభాష్ అనిపించుకున్నవాణ్ణి, నా అంకెలన్నీ తప్పండీ అని ఏ ముఖంతో చెప్పను? చెబితే సుబ్బారావు పేరు బయటికొస్తుంది, వాళ్లింట్లో తిన్న అన్నం గుర్తొచ్చింది. రేపటి నుంచి మల్లయ్య అంకెలు వాటంతటవే తగ్గుతాయి, నోటీసు చల్లబడుతుంది, పాము చావదు, కర్ర విరగదు అని లెక్క వేసుకున్నాను. నాకు నేను తెలివైనవాణ్ణి అనిపించాను కూడా.

బుధవారం మల్లయ్య షిఫ్టులో మూడు పడ్డాయి. అంకె చూసి సూపరింటెండెంటు గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"చూశావా మూర్తీ! సోమవారం నోటీసు ఇచ్చాను, బుధవారానికి నలభై కాస్తా మూడైంది. అంటే ఇన్నాళ్లూ చేతనై ఉండీ చెయ్యలేదన్నమాటేగా?"

నేను రక్షించబోయిన మనిషి మీద నా చేత్తోనే సాక్ష్యం తయారుచేశాను. అప్పుడైనా నోరు విప్పాలి కదా? "అవునండీ, తగ్గిందండీ" అని బయటికొచ్చాను. థూ నా బతుకు అనుకున్నాను గానీ వెనక్కి తిరగలేదు.

ఆ బుధవారం సాయంత్రమే ఆయన మల్లయ్యను పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. అశ్రద్ధగా ఉన్నానని ఒప్పుకుంటే ఉద్యోగం తీసెయ్యం, బాయిలర్ నుంచి మార్చి సీసాల ట్రేలు కడిగే దగ్గర వేస్తాం, ఒప్పుకోకపోతే శనివారంతో సరి. గురువారం మల్లయ్య వేలిముద్ర వేశాడు. ఈ సంగతి నాకు శుక్రవారం పొద్దున ఉమర్ భాయ్ చెప్పాడు.

"ఏంది మూర్తి సాబ్ ఈ లొల్లి? గంత పనోన్ని పట్కపొయ్యి ట్రేల కాడ ఏసిన్రు?"

నేను అక్కణ్ణుంచి నేరుగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్లాను. కాగితాలన్నీ బల్ల మీద పరిచి మొత్తం చెప్పాను. గ్యాప్, వణుకు, సుబ్బారావు అరగంట, మంగళవారం నేను తిప్పిన స్క్రూ. ఆయన కేకలు వేస్తారనుకున్నాను. ఒక్కో కాగితం మీద గీత వెంట వేలు పెట్టి నడిపించుకుంటూ చాలాసేపు చూశారు.

"స్క్రూ తిప్పింది మంగళవారమా?" అన్నారు.

"అవునండీ."

"ఇవాళ శుక్రవారం."

అంతే అన్నారు. ఆ తర్వాత నా చేత అంతా రాయించి సంతకం పెట్టించుకున్నారు. కానీ మల్లయ్య ఒప్పుకుంటూ వేలిముద్ర వేసిన కాగితం అప్పటికే పైఆఫీసుకు వెళ్లిపోయింది. ఒప్పుకున్నవాడి తప్పు లేదని ఇంకొకడు రాస్తే పైవాళ్లు వెంటనే నమ్మరు. వానాకాలమంతా మల్లయ్య ట్రేలు కడిగాడు. దసరా వెళ్లాక మళ్లీ బాయిలర్‌కు పంపారు. వేలిముద్ర కాగితం మాత్రం అతని ఫైల్లోంచి ఎవరూ తీయలేదు.

పిల్లలకు

మీ రికార్డర్లలో గ్యాప్‌కు వేరే పేరు ఉండొచ్చు, అలారం కొట్టేముందు ఎంతసేపు ఆగాలో ఓ అంకె ఇమ్మని అడగొచ్చు. అవి సున్నా చేయకండి. కౌంటరు పెట్టేముందు, ఒకటి అంటే ఏమిటో పనిచేసేవాణ్ణి అడగండి. మల్లయ్యకు అది తెలుసు, నాకు తెలియదు. ఎన్నిసార్లు తగ్గిందో ఒక్కటే కాదు, ఎంతసేపు తగ్గిందో కూడా కావాలి. అంకె చూసినరోజు గీత కూడా చూడండి. ఎవరి పొట్ట మీదైనా పడబోయే అంకె అయితే తప్పకుండా, వారం రోజులు వాళ్ల పక్కన నిలబడి చూడండి.

ఇవన్నీ పుస్తకాల్లో కూడా దొరుకుతాయి. తప్పు బయటపడ్డ రోజే చెప్పమని మాత్రం ఎక్కడా రాసి ఉండదు, అందుకని ఆ శుక్రవారం సాయంత్రం సంగతి రాసి ఊరుకుంటాను.

సూపరింటెండెంటు గారి గదిలోంచి వచ్చాక నేను ట్రేలు కడిగే చోటికి వెళ్లాను. మల్లయ్య మోకాళ్ల దాకా తడిసి, సోడా నీళ్లలో ట్రే ముంచి కుంచెతో రుద్దుతున్నాడు. నా తప్పే మల్లయ్యా, అంతా చెప్పేశాను, రాసిచ్చాను అన్నాను. అతను పని ఆపలేదు.

"మంగళారం నువ్వు డబ్బ తెరిసినప్పుడే నీ మొఖం సూసిన సారూ. ఇగ ఫికర్ లేదనుకున్న. ఇంటికి వొయ్యి మా ఆమెకు జెప్పిన, సారుకు దొరికింది, రేపు జెప్తడు అని."

ట్రే తిప్పాడు.

"బుధారం అడిగింది, జెప్పిండా అని. రేపు జెప్తడన్న. నిన్న పొద్దుగాల ఆమే అన్నది, ఆ సారు జెప్పడు, నువ్వు వొయ్యి ముద్రెయ్యి, పొయ్యి కాడ కాకుంటె ఇంకో కాడన్న బతుకుతవు అని."

మల్లయ్య కడిగిన ట్రేను పక్కన బోర్లించి, అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నిన్ను ఒక్కపారి గూడ సూడలేదు సారూ, మా ఆమె."